మధుమేహ నేత్రవ్యాధికి ఏడు స్థానముల పేరు

మధుమేహము కన్నును పాడుచేయునను సంగతి నేడు చాలమందికి తెలిసినదే. "షుగరు కళ్లకు దిగినది" అని చెప్పుకొనుట మనము తరచుగా వినుచుందుము. ఇరుగుపొరుగుల ముచ్చటలకు ఆ మాట చాలును. కాని వైద్యశాలలో రోగి కాగితముపై ఆ ఒక్క మాటయే వ్రాసి ఊరకొన్నచో దానివలన ప్రయోజనము స్వల్పము. ఏ కన్ను చెడినది? రెండునా? జబ్బు ఇప్పుడే మొదలైనదా, ముదిరినదా? చూపునకు కీలకమైన నడిభాగము వాచినదా, లేదా? మరల ఎన్నాళ్లకు చూడవలెను? వీనికి జవాబు కాగితములో లేనిచో, తరువాత చూచు వైద్యుడు మొదటినుండి మరల ప్రారంభింపవలసినదే. దేశములో ఇట్టి రోగులెందరు, వారిలో చూపు పోగొట్టుకొను ప్రమాదములో నున్నవారెందరు అని లెక్క కట్టువారికి కూడ ఆ కాగితము అక్కరకు రాదు.

ఈ చిక్కును తీర్చుటకై వ్యాధులకు అంకెలతోను అక్షరములతోను పేర్లు పెట్టు పద్ధతి ఏర్పడినది. దీనినే డయాగ్నసిస్ కోడింగు అందురు. రోగిని పరీక్షించి వైద్యుడు వ్రాసిన నిర్ణయమును చదివి, ప్రమాణగ్రంథములో దానికి సరియైన కోడును వెదకి, రికార్డులో చేర్చుట ఈ పని. అమెరికాలో వాడుచున్న పద్ధతిలో మధుమేహ నేత్రవ్యాధికి ఏడు స్థానముల కోడు కలదు. ఆ ఏడు స్థానములను ఒక్కొక్కటిగా విప్పి చూచుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము. అమెరికా సంగతి మనకేల యని కొందఱడుగవచ్చును. ఆ కోడులను వ్రాయుచున్నవారిలో మన తెలుగుబిడ్డలు అనేకులున్నారు. ఆ విషయమునకు తరువాత వత్తుము.

ముందుగా కంటిలో ఏమి జరుగునో చూతము. కనుగుడ్డు లోపల వెనుకగోడకు అంటుకొని ఒక పలుచని పొర యుండును. దీనిని రెటీనా అందురు. పాతకాలపు కెమేరాలో ఫిల్మువలె వెలుగును పట్టుకొనునది ఇదియే. దాని నడుమనున్న చిన్న భాగము మాక్యులా. చదువుట, సూదిలో దారమెక్కించుట, బియ్యములో రాళ్లేరుట, వచ్చుచున్న మనిషి ముఖమును ఆనవాలు పట్టుట, ఇవన్నియు ఆ చిన్న భాగము చేసిపెట్టు పనులు. రెటీనాకు రక్తమును చేర్చు నాళములు మిక్కిలి సన్ననివి. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి మితిమీరి యున్నచో ఆ నాళముల గోడలు బలహీనపడును. మొదట గోడలపై సూదిమొనవంటి బుడిపెలు లేచును. పిమ్మట అక్కడక్కడ రక్తపు చుక్కలు కారును. క్రొవ్వుతో కూడిన ద్రవము ఊరి పసుపుపచ్చని మచ్చలుగా నిలిచిపోవును. కొన్ని నాళములు మూసికొనిపోవును. అంతమేర రెటీనాకు ప్రాణవాయువు అందదు.

ఇంతవరకు జరుగునదంతయు ఉన్న నాళములలోనే. దీనిని నాన్ ప్రొలిఫరేటివ్ దశ అందురు. క్రొత్తనాళములు మొలవని దశ యని మన మాటలలో చెప్పుకొనవచ్చును. ప్రాణవాయువు చాలని రెటీనా అటుపిమ్మట క్రొత్తనాళములను మొలిపించుకొన జూచును. వినుటకిది మేలువలె తోచును గాని, చూపు నిజముగా పోవునది ఇక్కడనే. ఆ క్రొత్తనాళములు నాసివి. చిట్లి, కనుగుడ్డులోని జిగురుపదార్థమును రక్తముతో నింపును. వానితో పెరిగిన మచ్చవంటి పొర ముడుచుకొనుచు, రెటీనాను గోడనుండి లాగి ఊడదీయును. ఇది ప్రొలిఫరేటివ్ దశ. మాక్యులా వాపు మాత్రము ఈ రెండింటిలో దేనితోనైనను రావచ్చును. అందుచేతనే దశ వేఱు, వాపు వేఱు అని రెండు లెక్కలు ఉంచవలసి వచ్చినది.

ఈ జబ్బులోని దుర్మార్గమంతయు దాని మౌనములో నున్నది. నొప్పి లేదు, ఎఱుపు లేదు, నీరు కారదు. మాక్యులా వాయనంతవరకు, రక్తము చిందనంతవరకు రోగి వార్తాపత్రికను సుఖముగా చదువుకొనుచునే యుండును. "నాకు చూపు బాగుగనే యున్నది, కంటి డాక్టరుతో ఏమి పని?" అనును. గోడపై అక్షరముల పలకను ఒక్క తప్పు లేకుండ చదివిన వాని రెటీనాలో క్రొత్తనాళములు మొలచియుండుట వైద్యులు చూచుచుందురు. కంటిలో చుక్కలు వేసి పాపను విప్పార్చి, లోపలి పొరను చూచినగాని, లేదా దానిని ఫొటో తీసినగాని సంగతి తెలియదు. కంటిలోపలి పొరను చూచు సాధనమును మొదట ప్రకటించినవాడు జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్. అది 1851వ సంవత్సరము. కొలది ఏండ్లకే వియన్నా వైద్యుడు యేగర్ మధుమేహరోగుల మాక్యులాలోని మార్పులను వర్ణించెను. అయినను ఆనాడిది అరుదైన విషయము. 1922లో ఇన్సులిను మనుష్యులకు ఇచ్చుట ప్రారంభమగువఱకు, చిన్నవయసున మధుమేహము వచ్చినవారు కన్ను చెడునంత కాలము బ్రదుకనే లేదు. ఇన్సులిను వారి ప్రాణము నిలిపెను. ప్రాణము నిలిచిన తరువాతనే కన్ను చెడుట పెద్ద సమస్యయైనది.

సరియైన వేళకు కనుగొన్నచో చేయదగిన చికిత్స యున్నది. లేజరు కిరణములతో రెటీనాను అక్కడక్కడ కాల్చినచో, తీవ్రముగా చూపు పోవు ప్రమాదము సగమునకో అంతకు దిగువకో తగ్గునని అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన 1976లో తెలిపెను. ఇటీవలి కాలమున కంటిలోనికి ఇచ్చు ఇంజక్షనులు వాపును తీయుటకు, క్రొత్తనాళములను ఎండగట్టుటకు వాడుకలోనికి వచ్చినవి. రక్తము నిండిన కంటికి శస్త్రచికిత్స కలదు. కాని ఇవన్నియు ఉన్న చూపును నిలుపుటలో ఎంత సమర్థములో, పోయిన చూపును తెచ్చుటలో అంత సమర్థములు కావు. కనుక "ఎవరికి ఏ దశ" అనునది ఉత్త లెక్కలసంగతి కాదు. ఒకరిని ఏడాదికి రమ్మనవచ్చును, మఱియొకరిని ఈ వారమే పిలువవలెను.

ఇక పేర్ల సంగతి. మనుష్యులు ఏ జబ్బుచేత చనిపోవుచున్నారో లెక్కించు ప్రయత్నము ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దమున విలియం ఫార్ అను ప్రభుత్వ గణాంకవేత్త శ్రద్ధగా సాగించెను. ఒకే జబ్బును ఒక్కొక్క వైద్యుడు ఒక్కొక్క పేరుతో వ్రాయుటచేత లెక్క కుదరకుండుట ఆయన కెదురైన పెద్ద చిక్కు. 1893లో ఫ్రాన్సు దేశీయుడు జాక్ బెర్టిల్లాన్ మరణకారణముల జాబితాను షికాగో నగరమున అంతర్జాతీయ గణాంక సంస్థ ముందుంచెను. నేటి అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణకు మూలమిదియే. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పనిని చేపట్టిన తరువాత వచ్చిన ఆఱవ సవరణలో మరణకారణములతోపాటు, మరణము తెచ్చిపెట్టని జబ్బులకు కూడ చోటు దొరకెను. మధుమేహ నేత్రవ్యాధివంటి దానికి ఈ మార్పు ముఖ్యము. కన్ను పోయినవాడు చనిపోడు గదా! చావులనే లెక్కపెట్టు పుస్తకములో గ్రుడ్డితనమునకు తావెక్కడిది?

పదవ సవరణను ప్రపంచ ఆరోగ్య సభ 1990లో ఆమోదించెను. అందులో మధుమేహ నేత్రవ్యాధిని రెండు కోడులతో వ్రాయుదురు. మొదటిది ఇ11.3, కంటి ఉపద్రవములతో కూడిన, ఇన్సులినుపై ఆధారపడని మధుమేహమని దాని అర్థము. రెండవది హెచ్36.0, మధుమేహమువలని రెటీనా జబ్బు అని అర్థము. మూలకారణమునకు కత్తిగుర్తు, దాని ఫలితమునకు నక్షత్రపు గుర్తు పెట్టి రెంటిని జంటగా వ్రాయుట పద్ధతి. ఒక జబ్బును వేరునుండియు కొమ్మనుండియు చూపు ఈ ఏర్పాటు తెలివైనదే. కాని అందులో ఏ కన్నో లేదు, ఏ దశయో లేదు. నిన్న మొన్న రెండు బుడిపెలు లేచినవానికిని, రెటీనా ఊడుటకు సిద్ధముగా నున్నవానికిని ఒక్కటే జంట!

అమెరికావారు తమ అవసరములకొఱకు ఈ పదవ సవరణను విస్తరించుకొని 2015 అక్టోబరు 1వ తేదీనుండి వాడుకలోనికి తెచ్చుకొనిరి. అంతకు ముందు వారివద్దనున్న కోడులు సుమారు 14,000. క్రొత్త పుస్తకములో దాదాపు 70,000. వైద్యులు చాలమంది దీనిని పరిహసించిరి. కొన్ని కోడులు నిజముగా నవ్వు తెప్పించునవే. కాని మన విషయములో మాత్రము ఆ వివరము సార్థకమని మా అభిప్రాయము. కారణమేమో చూడుడు.

ఒక కోడును తీసికొందము: ఇ11.3511. మొదటి అక్షరము 'ఇ'. గ్రంథుల జబ్బులు, పోషణకు జీవక్రియకు సంబంధించిన జబ్బులు ఉన్న అధ్యాయమునకది గుర్తు. కంటి జబ్బుల అధ్యాయము వేఱుగా 'హెచ్' అక్షరము క్రింద నున్నను ఈ జబ్బు అక్కడ లేకుండుట గమనింపదగినది. వేరు ఎక్కడనో పేరును అక్కడ. తరువాతి 11 మధుమేహపు రకము. 10 యన్నచో మొదటి రకము, అనగా శరీరము ఇన్సులినును తయారుచేయుట మానివేసినది. 11 రెండవ రకము. మనలో సామాన్యముగా కనబడునది. ఇతర జబ్బులవలన వచ్చినదానికి 08, మందులవలన వచ్చినదానికి 09 ఉన్నవి. చుక్క తరువాతనున్న 3, జబ్బు కంటికి సోకినదని చెప్పును. అక్కడ 2 ఉన్నచో మూత్రపిండములు, 4 ఉన్నచో నరములు.

ఐదవ స్థానమునకు వచ్చుసరికి వైద్యుని కన్ను పనిచేయవలెను. అక్కడ 2 అన్న తేలికదశ, 3 అన్న మధ్యమదశ, 4 అన్న తీవ్రదశ, 5 అన్న ప్రొలిఫరేటివ్ దశ. ఈ దశలు ఎవరో ఊహించి పెట్టినవి కావు. 1968లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున ఎయిర్లీ హౌస్ అనుచోట నిపుణులు సమావేశమై రెటీనా మార్పులను ఒకే కొలతతో కొలుచు పద్ధతికి పునాది వేసిరి. దానిని పెద్ద పరిశోధనలలో మెఱుగుపఱచి, సామాన్య వైద్యశాలలకు వీలగునట్లు కుదించిన అంతర్జాతీయ పట్టిక 2003లో వెలువడెను. తీవ్రదశను గుర్తించుటకు వైద్యవిద్యార్థులు '4-2-1' అని కంఠస్థము చేయుదురు. రెటీనాను నాలుగు భాగములుగా ఊహించుకొని, నాలుగింటను విస్తారముగా రక్తపుచుక్కలున్నవా, రెండింట సిరలు పూసలదండవలె ఉబ్బినవా, ఒకదానిలోనైనను నాళములు వంకరటింకరగా చీలి స్పష్టముగా కనబడుచున్నవా అని చూచుట. ఈ మూడింటిలో ఒక్కటి యున్నను తీవ్రదశయే. చూడుడు, ఆ '4' అను ఒక్క అంకె వ్రాయుటకు రెటీనా నలుమూలలు వెదకవలెను. వెదకనివాడు దానిని వ్రాయజాలడు. వ్రాసినచో అది అబద్ధము.

ఆఱవ స్థానము మాక్యులా వాపునకు. 1 అన్న వాపు కలదు, 9 అన్న లేదు. ప్రొలిఫరేటివ్ దశలో మాత్రము దీనికి ఇంకను కొన్ని అంకెలున్నవి; రెటీనా ఊడినదా, ఊడినచో మాక్యులాతో సహా ఊడినదా, లేక జబ్బు స్తిమితపడి నిలిచినదా అని అవి చెప్పును. ఏడవది కన్ను. 1 కుడి, 2 ఎడమ, 3 రెండును, 9 ఏ కన్నో చెప్పలేదు. ఈ ఏడవ స్థానము 2015లో లేదు. 2016 అక్టోబరు నుండి చేర్చిరి. కనుక మనము తీసికొన్న ఇ11.3511 అనగా, రెండవ రకపు మధుమేహము వలన కుడికంటిలో క్రొత్తనాళములు మొలచి, మాక్యులా కూడ వాచినదని అర్థము. అదే మనిషి ఎడమకంటిలో జబ్బు మధ్యమదశలో నుండి వాపు లేకున్నచో, దానికి వేఱుగా ఇ11.3392 వ్రాయవలెను. రెండు కండ్లు ఒక మనిషివే యైనను వాని కథలు వేఱు. కుడికంటికి ఇంజక్షను ఇచ్చి ఎడమకంటి కోడు వ్రాసినచో బీమావారు సొమ్ము నిరాకరింతురు. సొమ్ము సంగతి యటుంచినను, ఎడమకంటిని కాపాడుకొనుచున్నామను భ్రాంతి రికార్డులో మిగులును; అది మఱింత ప్రమాదము.

ఇంకొక చిన్న విశేషము. వాపు చికిత్సవలన తగ్గిపోయిన కుడికంటికి ఇ11.37ఎక్స్1 అను కోడు కలదు. నడుమనున్న 'ఎక్స్' అక్షరమునకు ఏ అర్థమును లేదు. ఆఱవ స్థానములో చెప్పవలసినదేమియు లేకున్నను ఏడవ అంకె తన చోటు తప్పకుండ ఉండుటకై దానిని ఖాళీపీటవలె వేయుదురు. తగ్గిన వాపునకు కోడేల యని అడుగవచ్చును. మరల వచ్చు స్వభావము కలది గనుక, ఒకప్పుడు వచ్చి పోయినదని తరువాతి వైద్యునికి తెలియవలెను గదా.

ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేసినను పొరపాట్లకు లోటు లేదు. సామాన్యమైనది ఇన్సులిను చుట్టు తిరుగు పొరపాటు. రోగి ఇన్సులిను పుచ్చుకొనుచున్నాడు గనుక వానిది మొదటి రకమని అనుకొందురు. రెండవ రకమువారు కూడ కొన్నాళ్లకు ఇన్సులినునకు రావలసి యుండును. అంతమాత్రమున రకము మారదు. రకము 11గానే యుంచి, ఇన్సులిను వాడకమును తెలుపుటకు జెడ్79.4 అను మఱియొక కోడును చేర్చవలెను. పాత పేర్లలో "ఇన్సులినుపై ఆధారపడిన", "ఆధారపడని" యని ఉండుట ఈ గందరగోళమునకు కొంత కారణము.

'తో' అను చిన్నమాట పెట్టు తగవు కూడ చెప్పుకొనదగినది. రోగికి మధుమేహము కలదు, శుక్లము కలదు. ఒకటి మఱియొకదానివలన వచ్చినదని వైద్యుడు వ్రాయలేదు. అమెరికా నియమముల ప్రకారము, సూచికలో "మధుమేహముతో" అను శీర్షిక క్రిందనున్న జబ్బులకు మధుమేహముతో సంబంధమున్నట్లే తలంపవలెను. సంబంధము లేదని వైద్యుడు స్పష్టముగా వ్రాసిననే విడదీయుదురు. శుక్లము ఆ శీర్షిక క్రింద నున్నది. డెబ్బదియేండ్ల వృద్ధునికి వయసుచేత వచ్చిన శుక్లము, వైద్యుడు నోరు మెదపకున్న, మధుమేహపు ఖాతాలో జమయగుట తటస్థించును. లెక్కల సౌకర్యమునకై చేసిన ఈ నియమము మాకంత నచ్చినది కాదు. కాని ఉన్నంతకాలము నియమము నియమమే.

అన్నిటికంటె పెద్దచిక్కు 'నిర్దిష్టముగా చెప్పలేదు' అను అర్థము కల కోడులతో. ఐదవ స్థానములో 1 వేసినచో, రెటీనా జబ్బు ఉన్నది గాని ఏ దశయో తెలియదని అర్థము. ఇ11.319 అనునది అట్టిది; దానికి ఏడవ స్థానమే లేదు, కన్నేదో అడుగువాడు లేడు. ఈ కోడు వ్రాయుట తప్పు కాదు. ఒక సాధారణ వైద్యుని వద్దకు రోగి వచ్చి, తన కంటిలో షుగరు జబ్బున్నదని కంటి డాక్టరు చెప్పినాడనును, కాగితములు తేలేదు. అప్పుడు వైద్యునికి తెలిసినదంతే. తెలిసినదానికి మించి వ్రాయుటకంటె ఈ కోడు వ్రాయుటయే నిజాయితీ. కాని కంటి వైద్యుడే రెటీనాను ఆసాంతము చూచి, రెండక్షరములు మాత్రము గీకి, వివరము వ్రాయక విడిచినచో, చూచిన శ్రమ వృథా. కోడు వ్రాయువాడు వైద్యుడు వ్రాసినదానినే వ్రాయవలెను; తాను ఊహింపరాదు. ఫొటోను చూచి ఇది తీవ్రదశయని నిర్ణయించు అధికారము వానికి లేదు. సందేహమున్నచో వైద్యునికి ప్రశ్న వ్రాసి పంపవలెను. వైద్యుడు తీరికలేక జవాబీయనిచో మరల ఆ 'చెప్పలేదు' కోడే గతి.

దీనికి ఎదురుగా మఱియొక జాడ్యము కలదు. కంప్యూటరులో క్రితముసారి వ్రాసినదానినే ఈసారి కూడ అంటించివేయుట. ఏడాదిక్రిందటి తేలికదశ ఈ ఏడాది కూడ అక్షరము మారకుండ తేలికదశగానే కనబడును. ఇక అమెరికాలో ప్రభుత్వము వృద్ధులకొఱకు ప్రైవేటు బీమాసంస్థలకు సొమ్ము చెల్లించునప్పుడు వారి జబ్బుల తీవ్రతను లెక్కలోనికి తీసికొనును. ఆ కారణమున జబ్బును ఉన్నదానికంటె పెద్దదిగా చూపు ఆశ కొందఱకు కలుగవచ్చును. కోడు అక్షరాల సరిగ ఉండి, దాని వెనుక పరీక్ష లేకుండుట ఇట్లు సంభవించును.

ఇప్పుడు మనవారి మాట. అమెరికా వైద్యశాలల రికార్డులకు కోడులు వ్రాయు పని చాలవఱకు మనదేశమునకు వచ్చుచున్నది. హైదరాబాదు నగరమిందుకు ఒక ముఖ్యకేంద్రము. ఫార్మసీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, జంతుశాస్త్రము చదివిన యువతీయువకులు అమీర్‌పేటలోని శిక్షణకేంద్రములలో కొన్ని నెలలు నేర్చుకొని, పరీక్షలలో నెగ్గి, ఈ ఉద్యోగములలో ప్రవేశించుచున్నారు. "మా అమ్మాయి కోడింగులో చేరినది" అని తల్లిదండ్రులు చెప్పగా, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట అని బంధువులు భ్రమించుట కూడ కద్దు. ఆ అమ్మాయి చేయుపని వేఱు. ఎన్నడును చూడని ఊరిలోని, ఎన్నడును చూడబోని ఒక వృద్ధురాలి కంటిని గూర్చి వైద్యుడు వ్రాసిన నాలుగు పంక్తులు చదివి, ఏడు స్థానములను నింపును. రోజునకు ఇన్ని రికార్డులు పూర్తిచేయవలెనను లెక్క పైన నుండును. నూటికి ఇన్ని తప్పులకు మించరాదను లెక్క ప్రక్కన నుండును. ఈ రెండింటినడుమ వైద్యునికి ప్రశ్న పంపి ఆగుట ఎంతటి ఓపికపనియో ఆ వృత్తిలోనివారికే తెలియును. ఎడమ అని ఉన్నచోట 2కు బదులు 1 పడినచో ఎవరి కన్ను ఏమగునో ఆలోచించు కోడరులు మనలో ఉన్నారు. వారిని గుమాస్తాలుగా తలచుట తగదు.

ఆ వృద్ధురాలి కంటికి ఏడు స్థానములు నింపు మన అమ్మాయి, తన యింట షుగరుతోనున్న నాయనమ్మ కంటికి ఏ పేరున్నదో చెప్పలేకపోవచ్చును. పదవ సవరణ మూలరూపములో దశకు చోటు లేదని ముందే చూచితిమి. మన వైద్యశాలలలో రికార్డులకు కోడులు వ్రాయుచోట్ల సాధారణముగా నడుచునది ఆ మూలరూపమే. దశల వివరము మనకెంత అవసరమో ఒక లెక్క చూచినచో తెలియును. 2023లో ప్రకటింపబడిన జాతీయ అధ్యయనము మనదేశములో మధుమేహము కలవారు 10.1 కోట్లని అంచనా కట్టెను. 2015-2019 సంవత్సరములనడుమ కేంద్రప్రభుత్వమువారి నేత్రసర్వేలో, యాబదియేండ్లు పైబడిన మధుమేహరోగులలో నూటికి 16.9 మందికి రెటీనా జబ్బున్నట్లు తేలెను. వారిలో అందఱకు తక్షణము చికిత్స అక్కరలేదు. చూపునకు ముప్పు తెచ్చు దశలోనున్నవారు నూటికి 3.6 మంది. మొదటి అంకెను చూచి భయపడి అందఱకు లేజరు యంత్రములు సమకూర్చలేము. రెండవ అంకె తెలిసిననే, ఏ జిల్లాకు ఎందఱు రెటీనా వైద్యులు కావలెనో, ఎన్ని ఇంజక్షనులు కావలెనో ఆలోచింపవచ్చును. ఆ రెండవ అంకెను సర్వే చేసి కనుగొనవలసివచ్చినది. దశ వ్రాయని రికార్డులు ఎన్ని కుప్పలున్నను దానిని చెప్పజాలవు.

ప్రపంచ ఆరోగ్య సభ 2019లో ఆమోదించిన పదునొకండవ సవరణ 2022 జనవరి 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. దానిలో మూలరూపమునందే క్రొత్తనాళములు మొలవని దశకు, మొలచిన దశకు, మాక్యులా వాపునకు వేర్వేఱు కోడులు చేర్చిరి. ఏ కన్నో చెప్పుటకు అదనపు కోడును తగిలించు వీలు కల్పించిరి. దేశములు ఒక్కొక్కటిగా దీనికి మారుచున్నవి. యంత్రములు మార్చుట, మనుష్యులకు నేర్పుట, పాతలెక్కలతో క్రొత్తలెక్కలను పోల్చుకొనుట, ఇవన్నియు తేలికపనులు కావు. అమెరికావారికి తొమ్మిదవదానినుండి పదవదానికి వచ్చుటకే, అది వెలువడిన తరువాత ఇరువదియేండ్లకు పైగా పట్టినదని మఱువరాదు.

అందాక మన యిండ్లలో మధుమేహమున్నవారు చేయదగినది ఒకటి కలదు. రెండవ రకమువారు జబ్బు బయటపడిన నాడే కంటిలోపలి పొరను చూపించుకొనవలెను. ఎంతకాలమునుండి చక్కెర హెచ్చుగా నున్నదో ఎవరికి తెలుసును? మొదటి రకమువారు జబ్బు ప్రారంభమైన ఐదేండ్లలోపల చూపించుకొనవలెను. మధుమేహమున్న స్త్రీ గర్భవతియైనచో ముందుగనే. ఆపై సాధారణముగా ఏడాదికొకసారి, వైద్యుడు తఱచుగా రమ్మన్నచో అట్లే. చూచిన తరువాత ఇచ్చు కాగితములో నాలుగు సంగతులు ఉన్నవో లేవో అక్కడనే చదివి చూచుకొనుడు: ఒక్కొక్క కంటికి విడిగా వ్రాసినారా, ఏ దశ, మాక్యులా వాపు ఉన్నదా లేదా, మరల ఎప్పుడు రావలెను. లేనిచో అడుగుడు. జబ్బేమియు లేదని తేలినను, లేదని వ్రాయించుకొనుడు. వచ్చే ఏడాది కనబడు మొదటి బుడిపె క్రొత్తదని చెప్పుటకు ఆ కాగితమే ఆధారము. దానిని మందుల చీటీలతోపాటు పాఱవేయక, భూమి పట్టాలుంచు పెట్టెలో నుంచినను నష్టము లేదు.